డిజైన్ గదిల కుర్చీ

సిరిసిల్లల మానేరు దిక్కు పోయే తొవ్వల రాజం సేటు సాంచాల షెడ్డున్నది, చీరెలు నేసే మరమగ్గాలది. ఆ షెడ్డు ఎనుక ఒక డిజైన్ గది. పొద్దుగూకినంక ఆ గది ముంగట కుక్కలు గూడ మొరగయి... మునివేళ్ళ మీద నడిసి, సందు దాటినంక గప్పుడు మొరుగుతయట.

గదిల ఉన్నదేంది? ఒక కంప్యూటర్, ఒక కుర్చీ. చీరెల అంచులకు బొమ్మలు గీసే వేణు ఆ కుర్చీలనే, ఏడు నెలల కిందట, గుండె ఆగి పోయిండు. గీస్తున్న నెమలికి తోక గూడ పూర్తి కాలే.

ఆయెనక ముగ్గురు మొగోళ్ళు ఆ కుర్చీల కూసున్నరు. ముగ్గురు లేసి ఉరికిన్రు. అండ్ల ఒకడు చెప్పులిడిసి ఉరికినోడు మహారాష్ట్రల భీవండి దాక ఆగలేదు!

మరి జూసిందేంది? మీట నొక్కంగనే తెర నీలంగ వెలుగుతది. గుడ్డి కన్ను లెక్క మూసుకుంటది. మల్ల వెలుగుతది... మల్ల మూసుకుంటది. ఎవ్వలు ముట్టకున్నా సరే, తెల్లారే దాక అదే పని.

వేణు పెండ్లాం లావణ్యకు మాత్రం గివేవీ పట్టలేదు. ఏడు నెలల్ల ఆమె కంట్ల నుంచి ఒక్క సుక్క రాలలే. అత్త కిష్టవ్వ ఎట్లనన్న కోడల్ని ఏడిపియ్యాలని నాలుగు కిలోల ఉల్లిగడ్డలు ముంగటేసి కోయిపిచ్చింది. వాడకట్టంత ఏడ్సింది... లావణ్య ఏడ్వలే. తిన్నవా అంటే తిన్న అంటది. పండుకున్నవా అంటే పండుకున్న అంటది. ఒళ్ళంత మొద్దువారింది. బీడీలు చుట్టుకుంట కూసుంటది, ఆ వేళ్ళు ఎవలియో అన్నట్టు.

కానీ ఆ వేళ్ళకు బొమ్మలు గీసుడు వచ్చు. వేణు చాయకు పోయినప్పుడల్లా ఆ కుర్చీల కూసోని సగం అంచులు ఆమెనే గీసేది. సేటుకు గా సంగతి ఎరుకే.

"మిషను లేపు బిడ్డా, కుర్చీ నీదే," అన్నడు ఆ దినం. "రేపటికి లేవకుంటే పాతసామానోనికి ఏస్త. జగిత్యాల నుంచి బొమ్మలు గీసే ఎల్లేశం వచ్చి ఉన్నడు, కొత్తది పెట్టుకుంటనంటుండు. గప్పుడు నీకు బీడీలే."

"సరే," అన్నది లావణ్య.

సాంచాలు బందున్న రోజు. పొద్దుగూకి చీకటైంది. గేటుకాడ కావలుండే ఐలయ్య కట్టె పట్టుకోని నిలవడ్డడు. కట్టె వణుకుతుందా, ఆయన వణుకుతుండా చెప్పుడు కష్టం.

"బిడ్డా... లోపట ఎవలో ఉన్నరు."

"ఉండనియ్ కాకా."

"వేణే..."

"మంచిదే గదా," అనుకుంట లోపటికి పోయింది.

తలుపు తీసింది. నీలం వెలుగు... చీకటి. నీలం వెలుగు... చీకటి. లావణ్య కుర్చీ మీది దుమ్ము కొంగుతోటి తుడిసి కూసున్నది. ఆడబిడ్డ స్వప్నకు ఫోన్ కలిపింది. స్వప్న కోరుట్లల కంప్యూటర్లు బాగుచేస్తది. నోరు ఎంత పెద్దదంటే, ఫోన్ లేకున్నా సిరిసిల్లకు ఇనవడ్తది.

"వదినా, ఒక్కదానివే ఉన్నవా? బుగులు పుడుతలేదా?"

"ఏమో. పుడుతలేదు."

"నీకు పుట్టేటిది గూడ నాకే పుడుతుంది పో! ఇగ ఇను. డిస్కుల ఒక మూలకు గోడ కట్టినట్టు కట్టి, కంపెనీ వాళ్ళు కొత్త సిస్టం దాసిపెడ్తరు. ఎవ్వలకు కనవడది. మిషను ఆపి, మల్ల మీట నొక్కంగనే పైవరుసల ఎఫ్ పదకొండు కొట్టుకుంటనే ఉండు. ఆ దాపు గది తలుపు తెరుసుకుంటది."

లావణ్య కొట్టింది. టక్... టక్... టక్... ఖాళీ షెడ్డుల ఒక్కొక్క సప్పుడు పది సాంచాలు ఆడినట్టు మోగింది. తెర నల్లగైంది. నడుమ ఒక్కటే వాక్యం తేలింది — అన్నీ తుడిసి మల్ల మొదలువెట్టాల్నా అని. లావణ్య సదివి ఇనిపిచ్చింది.

స్వప్న గొంతు సన్నవడ్డది. "వదినా... ఇది నొక్కితే అన్న జేసినయన్నీ పోతయి. ఫోటోలు, డిజైన్లు, గా నెమలి... అన్నీ. దుకాణం నుంచి నిన్ననే తెచ్చినట్టు అయితది. మంచిగ ఆలోచన జేస్కొని—"

"నొక్కిన."

"అయ్యో! అప్పుడేనా?"

లావణ్య తన వేలు దిక్కు జూసింది. అది నొక్కిందన్న సంగతి ఆమెకు గూడ అప్పుడే ఎరుకైంది. గుండెల ఏమన్న కదులుతదేమోనని జెర సేపు ఆగింది. ఏం కదల్లే.

తెర మీద అంకెలు నడిసినయి. పది... ఇరువై... అరువై నాలుగు కాడ నిలవడ్డయి. రేకుల మీద గాలి గీరుకపోయింది. బయట ఐలయ్య దగ్గు ఆగిపోయింది.

మల్ల కదిలినయి. నూరు.

తెర ఆరిపోయింది... చీకటి... ఎంతకూ చీకటే...

వెలిగింది. కొత్త మిషనైతే పేరేందని అడగాలె. అడగలే. నడిమిట్ల పేరు దానంతట అదే వచ్చింది — వేణు.

పక్కకున్న స్పీకర్ డబ్బాల నుంచి, గొంతు సవరించుకోని, ఒక మొగగొంతు మెల్లగ అన్నది —

"లే... నా కుర్చీల కూసున్నవు సూడు..."

గేటుకాడ కట్టె కిందవడ్డ సప్పుడైంది. ఐలయ్య ఉరికిండు. డెబ్బై ఏండ్ల మనిషి, నేలకు కాలాననియ్యకుంట సేటు ఇంటి దాక పోయిండట!

లావణ్య కేక పెట్టలే. లేసింది. ఎప్పటి తీరుగనే గోడకానుకోని నిలవడ్డది, ఆయన కూసుండే దాక.

"వదినా? ఏమైంది? మాట్లాడవేందే!"

"మీ అన్న వచ్చిండు. లెమ్మన్నడు. లేసిన."

కోరుట్లల అంత పెద్ద నోరు సన్నవడ్డది. స్వప్న మెల్లగ అడిగింది. "తెర మీద తారీకులు జూడు. డిజైన్లున్నయా?"

"ఉన్నయి. పోయినేడాది దసర దాకటియి."

"అయితే ఇది అన్న పనే..." స్వప్న ముక్కు చీదింది. "అన్న ముందుగాల వైపని, గదే పోగులతికే పని, జేసెటోడు గదా. పడుగు చుట్టిన పాత బీము అయిపోయినా కొసలు కోసి పారెయ్యరు. సాంచకే ఉంచి, కొత్త బీము పోగులు వాటికే అతుకుతరు. పోయినేడాది నన్ను అడిగిండు, 'చెల్లె, గా దాపు గదిల కంపెనీది తీసి నా కొసలు పెట్టుకోవచ్చునా' అని. నవ్వులాటకనుకున్న. నిజంగనే పెట్టుకున్నడు. అప్పటి మిషను అప్పటిలెక్కనే లేసింది, వదినా."

లావణ్యకు యాదికచ్చింది. తను కుర్చీ ఇడుస్తలేదని వేణు ఆ మాట రికార్డు జేసి, మిషను లేసినప్పుడల్లా మోగెటట్టు పెట్టిండు. నెల దినాలు ఇని, చెవులు నొస్తున్నయని తనే తీపిచ్చింది. స్వప్నకు అదే చెప్పింది.

"ఇప్పుడు గూడ తీసెయ్," అన్నది స్వప్న. "సేటు ఇది ఇన్నడంటే మిషను ఎత్తుకపోయి మానేట్ల పారేస్తడు. నీ కుర్చీ పోతది."

లావణ్య ఆ మాటను వెతికి పట్టి తీసేసింది. చెత్తబుట్ట గూడ ఖాళీ జేసింది. ఆపి, మల్ల లేపింది. తెర వెలిగింది. సప్పుడు లేదు. ఇంకోసారి జూసింది. లేదు.

"పోయింది," అన్నది. ఫోన్ పెట్టేసింది.

గప్పుడే బ్యాటరీ లైట్లు, చెప్పుల సప్పుడు. సేటు, ఆయన ఎనుక ఎల్లేశం, అందరికంటే ఎనుక ఐలయ్య.

సేటు తెర దిక్కు జూసిండు. డిజైన్లు జూసిండు. "ఏడే దెయ్యం? మంచిగనే లేసింది! ఎల్లేశం, కూసో."

"సేటు... కుర్చీ నాదన్నవు."

"అన్న బిడ్డా. కానీ ఆడమనిషివి, చీకటివడ్డంక గీడ ఎట్ల కూసుంటవు? ఇంటికి పో. మీ అత్త ఎదురుజూస్తది."

లావణ్య ఇంటికి పోలే. గోడకానుకోని నిలవడ్డది.

ఎల్లేశం కూసున్నడు. కుర్చీ కిర్రుమన్నది.

"ఒక్కసారి ఆపి లేపు," అన్నడు సేటు. "నా ముంగట లేవాలె."

ఆపిండు. మీట నొక్కిండు. తెర వెలిగింది. వేణు అని పేరు వచ్చింది. ఎల్లేశం పండ్లు కనవడెటట్టు నవ్విండు...

డబ్బాల ఎవలో గొంతు సవరించుకున్నరు.

"లే... నా కుర్చీల కూసున్నవు సూడు..."

ఎల్లేశం జగిత్యాల తొవ్వ పట్టిండో, భీవండి తొవ్వ పట్టిండో ఇప్పటికీ ఎవ్వలకు ఎరుకలే. సేటు తలుపు కాడ రెండుసార్లు పడి, మూడోసారి లేసి ఉరుకుకుంటనే అరిసిండు — "కుర్చీ నీదే బిడ్డా! నీదే! ఎవ్వలు అడగరు!"

గదిల లావణ్య ఒక్కతే మిగిలింది.

ఆమె వంగి జూసింది. తను తీసేసిన కాడ ఆ మాట లేదు. చెత్తబుట్టల లేదు. యాడా లేదు. వీపు మీద సల్లగ ఏదో పాకింది... ఏడు నెలల్ల ఆమె ఒంటికి తెలిసిన మొదటి సంగతి గదే.

మెల్లగ వచ్చి కుర్చీల కూసోని, మిషను ఆపి మల్ల లేపింది. కండ్లు మూసుకున్నది. ఆగింది.

ఎవ్వలు లెమ్మనలే.