కూత ఆగిన చోటు

"అవ్వా, మగ్గాలు కొంచేపు ఆపిస్తారా?"

ధర్మవరంలో ఈ మాట అడిగిన మొదటి మనిషి బహుశా నాగభూషణమే.

కుళ్ళాయమ్మ నోటి దాకా వచ్చిన తమలపాకు అక్కడే ఆగింది. "ఏమబ్బా, మగ్గం ఆపితే మా నోట్లో మన్ను పోస్తావా? నీకు గది బాడిగకిచ్చినాం గానీ, మా చేతులు బాడిగకియ్యల్యా!"

తలుపు వెనక కండెలు చుడుతున్న మనవరాలు నీలావతి ఫక్కున నవ్వింది. నవ్వి, నాలుక కరుచుకుంది. నాగభూషణం అటు చూశాడు. అంతే, ఆమె చేతిలో పట్టుదారం తెగిపోయింది.

నాగభూషణానిది మడకశిర. మగ్గం నేసే ఇంట్లోనే పుట్టినా రేడియో పిచ్చితో బెంగళూరు పోయి పని నేర్చుకుని, హిందూపురంలో రామాంజినేయులు రేడియో షాపులో చేరాడు. ప్రతి గురువారం పొద్దున రైలుకు ధర్మవరం వచ్చి, నీలావతి వాళ్ల వీధి గదిలో కూర్చుని రేడియోలు బాగుచేసేవాడు. ట్రాన్సిస్టర్లు అప్పుడప్పుడే ఊళ్లలోకి వస్తున్న రోజులు. అవి మంచివో చెడ్డవో తేల్చడానికి ఈసారి ఒక ఇనుప పెట్టె కూడా మోసుకొచ్చాడు.

మజ్జిగ ఇవ్వడానికి వచ్చిన నీలావతి ఆగలేక అడిగేసింది. "ఆ గింజంత దాన్ని కొలిచేకి ఇంత పెట్టెనా?"

"ఈ గింజ ఊరికే పలకదు. కొంచెం కరెంటు ఇస్తానే ఉండల్ల. దాన్ని బయాస్ అంటారు. కరెంటు ఇస్తానే నా పెట్టె గుణం గూడా మారిపోతాది. ఖాళీగా ఉన్నప్పుడు పెట్టుకున్న గుర్తు ఇంక పనికిరాదు. కరెంటు పారుతాన్నప్పుడే, ఒక్కో మోతాదుకు ఒక్కో గుర్తు పెట్టుకోవల్ల."

"దేన్ని చూసి పెడతారు?"

"బెంగళూరు రేడియో స్టేషన్ని చూసి. అది ఉన్న చోటు నుంచి కదలదు కదా. నా పెట్టె పలుకు దానికి దగ్గరైతే ఇయర్‌ఫోన్‌లో కూత వస్తాది. దగ్గరయ్యే కొద్దీ కూత దిగుతాది. రెండూ ఒకటైతే ఆగిపోతాది. ఆడ గీత గీయల్ల." అతను తల గోక్కున్నాడు. "ఒక చెయ్యి కరెంటు మీద, ఒక చెయ్యి తిప్పుడు మీద, కండ్లు మీటరు ముల్లు మీద. వినేకి నాకింక చెవుల్లేవు. ఈ మగ్గాల చప్పుడులో ఉన్నా వినపడదు."

"అన్నాల పొద్దు మగ్గాలు ఎట్లాగూ ఆగుతాయి కదా," అంది నీలావతి నేల చూస్తూ. "నాకు చెవులుండాయి."

అట్లా మొదలైంది.

ఆ తర్వాత ప్రతి గురువారం, మగ్గాల వాళ్లు అన్నాలకు కూర్చోగానే, నీలావతి కిటికీ దగ్గర ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూర్చునేది. వినేది కూతే. చూసేది మాత్రం, ముల్లు మీద నుంచి రెప్ప తిప్పని అతని ముఖాన్ని, టంకం సీసం తగిలి కాలిన మచ్చ ఉన్న అతని వేలిని. అతను తిప్పేవాడు. కూత సన్నగా మొదలై, లావై, గొంతులోకి దిగి ఆగిపోయేది. "ఆగింది" అనేది ఆమె. అతను గీత గీసేవాడు. ఒక్కోసారి తలెత్తి, "నీ చెవులు మా ఓనర్‌కు ఉంటే షాపు ఎప్పుడో బాగుపడును," అనేవాడు. ఆ ఒక్క మాట నీలావతికి మళ్ళీ గురువారం దాకా సరిపోయేది. సరిపోయేది కాదు కూడా. సోమవారానికల్లా అరిగిపోయేది.

ఆ గురువారం వాన. కిటికీ చువ్వల మీద నుంచి చినుకులు ఆమె మోచేతి మీద పడుతున్నాయి.

"ఇదే చివరి గుర్తు," అన్నాడు నాగభూషణం. "ఇది అయిపోతే మధ్యాహ్నం రైలుకు పెనుకొండ పోతా. ఆడ ఈ పెట్టెతో శానా పని ఉండాది."

"మళ్ళీ ఈడికి?"

"ఓనర్ ఎప్పుడు పంపిస్తే అప్పుడు." ఇంకేదో చెప్పబోయి, మానుకుని, తిప్పడం మొదలుపెట్టాడు.

కూత వచ్చింది. దిగింది. ఆగిపోయింది. చెవుల్లో నిశ్శబ్దం.

నీలావతి పెదవులు కదిలాయి. "ఇంకా కూస్తాండాది."

అతను ఇంకొంచెం తిప్పాడు. ఆగిన కూత అవతలి వైపు మళ్ళీ లేచింది.

"ఇప్పుడు?"

"ఇంకా ఉండాది."

వెనక్కి తిప్పాడు. మళ్ళీ ముందుకు. అతను ఒకసారి ఆమె వైపు చూశాడు. ఆమె వానను చూసింది. దూరంగా స్టేషన్‌లో రైలు అరిచింది, కదిలింది, పోయింది. అన్నాలు ముగించి ఎవరో మగ్గం తొక్కారు. ఉలిక్కిపడి "ఆగింది!" అనేసింది నీలావతి. నిజానికి చెవిలో కూత దోమలా మోగుతూనే ఉంది. అతను గీత గీశాడు.

సాయంత్రం రైలు దాకా నాగభూషణం వాళ్లింట్లోనే ఉన్నాడు. కుళ్ళాయమ్మ వడ్డించిన రాగిముద్ద తిన్నాడు. మడకశిరలో వాళ్లమ్మ కన్నడంలో ఎట్లా తిడుతుందో చెప్పి అందరినీ నవ్వించాడు. ఆ పొద్దంతా నీలావతిదే.

తర్వాతి గురువారం అతను రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు. అన్నాల వేళ మగ్గాలు ఆగినప్పుడల్లా ఆమె కిటికీ దగ్గరికి పోయేది. వీధిలో ఎవరి చెప్పుల చప్పుడైనా ఆమె గుండెలోనే నడిచినట్టుండేది.

ఒకరోజు నాయన లింగప్ప హిందూపురం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ అన్నాడు. "పాపం, ఆ నాగభూషణం పని చెడిపోయిందంట. ఆ పెట్టెతో పెనుకొండలో కొలిచి, ట్రాన్సిస్టర్లన్నీ చెడ్డవని బెంగళూరు కంపెనీకి వాపసు పంపినాడంట. వాళ్లు అన్నీ మంచివేనని నవ్వినారంట. పెట్టె సరిగ్గా పనిచేస్తే మన ఊర్లో అంగడి పెట్టి ఈ పిల్లోన్నే కూర్చోబెట్టల్ల అనుకున్యాడు రామాంజినేయులు. ఇంక యాడిది! బెంగళూరికి పంపేస్తాడంట."

నాయన చేతికి చెంబు అందించి నీలావతి లోపలికి పోయింది. ఒక్క రైలు తప్పించాలని, అతను శాశ్వతంగా వచ్చే దారినే తప్పించేసింది.

ఆ వారమే కుళ్ళాయమ్మ చీరలు ఇవ్వడానికి హిందూపురం బయలుదేరితే, నీలావతి మూట తానే ఎత్తుకుంది. రైల్లో పెనుకొండ కొండ కనబడగానే ఏడుపు ఆగలేదు. అవ్వకు అంతా చెప్పేసింది.

"చెవులుండీ చెవిటిదానివైతివా!" అంది కుళ్ళాయమ్మ. తన కొంగు అందించి, "బిన్నా తుడుచుకో మొగం, ఊరు వచ్చేస్తాండాది. ఆడికి పోయినాక ఏడిస్తే మాట రాదు," అంది.

షాపులో నాగభూషణం పెట్టె చుట్టూ గోనెపట్ట కడుతున్నాడు. పక్కనే ముఖం మాడ్చుకుని రామాంజినేయులు.

"ఆ చివరి గీత తప్పు," అంది నీలావతి గడపలోనే నిలబడి. "ఆయప్పది కాదు తప్పు. కూత ఆగినా ఆగల్యా అని చెప్పినా."

రామాంజినేయులు కళ్లద్దాలు పైకి నెట్టాడు. "ఎందుకమ్మా అట్లా చెప్పినావు?"

నీలావతి కొంగు మెలిపెట్టింది. "రైలు పోవల్లని."

కుళ్ళాయమ్మ షాపు ఫ్యానును ఎప్పుడూ చూడనట్టు చూస్తోంది.

"నాకు తెలుసు," అన్నాడు నాగభూషణం మెల్లగా.

"తెలుసా?"

"ముందు గుర్తులన్నీ ఒక వరసలో ఉండాయి. ఇదొక్కటే పక్కకు పోయింది. అనుమానమొచ్చింది. ఐనా నాకూ ఆ రైలు పోతే బాగుండుననిపించింది. పెనుకొండలో మళ్ళీ సరిచేసుకుందామనుకుంటి. ఆడ మిల్లు మోటార్ గరగరలో బెంగళూరు వినపడనే ల్యా. అట్లే కొలిచేస్తి."

"మరి నాతో చెప్పల్యా ఏమప్పా?" అన్నాడు రామాంజినేయులు.

"ఏమని చెప్పేది సార్?"

రామాంజినేయులు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇద్దరూ కలిసి నన్ను కంపెనీ వాళ్ల ముందర నవ్వులపాలు చేసినారు కదా! సరే, పెట్టె మంచిదే అంటావు. బెంగళూరు మాత్రం పోవాల్సిందే. కంపెనీ పెట్టె పక్కన పెట్టి అన్ని గీతలూ సరిచేయించుకో. దీపావళి దాకా ఆడనే పని నేర్చుకో. అప్పుడు ధర్మవరం అంగడి సంగతి చూద్దాం."

స్టేషన్‌లో బెంగళూరు రైలు ముందు వచ్చింది. నాగభూషణం పెట్టెను ఒళ్లో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఏదో చెప్పాలనుకున్నాడు, ఆమె కూడా. ఇద్దరి మధ్యా కుళ్ళాయమ్మ నిలబడి ఉంది.

"ఏమబ్బా, దీపావళికి ఒగనివే రావద్దు. మీ అమ్మనీ పిల్చుకోని రా."

"ఎందుకవ్వా?"

"రేడియో రిపేరికైతే కాదులే!"

నాగభూషణం ముఖం వెలిగింది. రైలు కదిలింది. నలుగురిలో ఏనాడూ గొంతెత్తి అరవని నీలావతి, కిటికీ వెంట నాలుగడుగులు పరిగెత్తి గట్టిగా అరిచింది.

"బిన్నా రాండి!"

ప్లాట్‌ఫారం మీద జనమంతా తిరిగి చూశారు. నీలావతి తల దించుకోలేదు.