తొమ్మిది అడుగులు

"ఆ మనిషెవరో నాకు తెలియదు!" అన్నాడు హాల్వర్ రాజు నిండు సభలో.

అతని చెయ్యి చెవిమీదికి పోవడం తోరా చూసింది. అబద్ధమాడేటప్పుడు కొడుకు ఎడమచెవి తమ్మె లాక్కుంటాడని కన్నతల్లికి తెలియదా! ఐదేళ్ళప్పుడు వెన్న దొంగిలించి ఇలాగే నిలబడ్డాడు. ఇప్పుడు ముప్పై ఏళ్ళొచ్చి, నెత్తిన కిరీటం పెట్టుకుని, అదే పని! ఎదురుగా హెల్గా నిలబడి ఉంది. కొండమీద దొడ్లో పాలు పితుక్కునే పిల్ల... నాలుగేళ్ళ కొడుకుని వెంటబెట్టుకుని, వీడు రాజుగారి బిడ్డే అని చెప్పుకోవడానికి వచ్చింది. ఆ పసివాడు జనాన్ని చూసి బెదిరి, వాడూ ఎడమచెవి తమ్మె లాక్కుంటున్నాడు...

"సాక్ష్యం లేదు గనక తల్లి ఇనుము పట్టాలి" అన్నాడు బిషప్. "మూడు రోజులు ఉపవాసం. నాలుగోరోజు ఎర్రగా కాలిన ఇనుముతో తొమ్మిది అడుగులు. వారానికి కట్టు విప్పినప్పుడు చెయ్యి మానుతుంటే నిజం, చీము పడితే అబద్ధం. మధ్యలో వదిలేసినా అబద్ధమే!"

అబద్ధమని తేలితే తల్లినీ బిడ్డనీ తెడ్లు లేని పడవలో సముద్రంలోకి తోసేస్తారు. తోరా తన కుడిచేతిని కొంగులో దాచుకుంది. మూడు వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయిన చెయ్యి అది! ఇరవై నాలుగేళ్ళ కిందట ఆ చేత్తోనే ఇనుము మోసి, ఈ హాల్వర్‌ని రాజు కొడుకని నిరూపించింది.

సభ ముగియగానే కొడుకు గదిలోకి వెళ్ళింది.

"ఒక్కమాట చెప్పరా నాన్నా! నలుగురిలో వాణ్ణి నీ మోకాలిమీద కూర్చోబెట్టుకుంటే చాలు, నీ బిడ్డని అందరూ ఒప్పుకుంటారు. ఇనుము అక్కర్లేదు!"

"చెబితే ఏమవుతుందో తెలుసా అమ్మా? రాణి కొడుక్కే రాజ్యమని మామగారికి మాటిచ్చాను. మనకి అండగా ఉన్న నలభై ఓడలూ తీసుకుని వెళ్ళిపోతాడాయన! పైగా రాజు కన్న కొడుకులందరికీ సమాన హక్కాయె. రేపు వీళ్ళిద్దరూ కొట్టుకు చస్తారు!"

"మరి ఆ పిల్ల చెయ్యి?"

"నీది మానలేదూ?"

తోరాకి ఒళ్ళు మండిపోయింది. ఆ వంకర చెయ్యి తీసి వాడి ముఖం ముందు పెట్టింది.

"మానిందిరా... చూడు, ఎంత చక్కగా మానిందో! అప్పట్నించి చెంచా పట్టింది లేదు. నువ్వు పుట్టకముందే పోయాడు మీ నాన్న. చచ్చినవాడు నోరు విప్పలేడు గనక నేను కాల్చుకున్నాను. నీకేం వచ్చిందిరా? నీకు నోరుంది!"

హాల్వర్ ముఖం తిప్పుకుని కిటికీ దగ్గరికి నడిచాడు.

గుమ్మంలో కోడలు రన్‌వేగ్ రాణి నిలబడి ఉంది. ఆమె నడుముకున్న తాళాలగుత్తి గలగలలాడుతోంది. "నా సంసారంలో నిప్పులు పోయకండి అత్తయ్యా... నా కొడుకు మాత్రం మీ మనవడు కాదా?" అని బావురుమంది.

ఆ మాటా నిజమే! నిజం బయటపడితే రాజ్యం రెండు ముక్కలు, పడకపోతే పసివాడు సముద్రం పాలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి... ఎటు పోతుంది ఆ తల్లి! ఆ పూటనుంచీ ఆమె గొంతులోకి ముద్ద దిగలేదు.

నాలుగోరోజు పొద్దున్న చర్చిలో నిప్పుల్లోంచి ఇనుము తీశారు. హెల్గా చెయ్యి చాచబోయి కూలబడిపోయింది.

"ఆగండి!" అంది తోరా. "బిడ్డ తల్లి పట్టలేకపోతే ఆమె అత్తగారు పట్టవచ్చు. చట్టంలో ఉందా లేదా బిషప్‌గారూ?"

"ఉంది గాని... మీరు ఆమెకి అత్తగారెలా అవుతారు?"

"అది ఇనుమే చెబుతుంది. నేనూ మూడు రోజులుగా పస్తే. కుడిచెయ్యి కొడుక్కిచ్చాను, ఎడమచెయ్యి మనవడికి!"

పట్టుకుంది! ఒకటి... రెండు... కాలిన వాసనకి ఆడవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. మూడు... నాలుగు... ఐదో అడుగు పడేసరికి తన ఆసనం మీంచి హాల్వర్ కేక పెట్టాడు.

"వదిలెయ్ అమ్మా! వాడు నా కొడుకే! నా కొడుకే!"

తోరా వదల్లేదు. ఆరు... ఏడు... ఎనిమిది... తొమ్మిది! ఇనుము రాతిమీద ఖంగుమని పడింది.

హాల్వర్ పరుగున వచ్చి తల్లి కాళ్ళమీద పడ్డాడు. "చెప్పాను కదమ్మా... ఎందుకు వదల్లేదు?"

"వదిలితే అబద్ధమంటారు నాన్నా. మీ మామగారి ముందు నీ మాట మారిపోదని నాకేం నమ్మకం?"

రన్‌వేగే ముందుకొచ్చింది. తలమీది నారగుడ్డ చింపి, ఏడుస్తూనే అత్తగారి చేతికి కట్టు కట్టింది. "మా నాన్న వెళ్తే వెళ్ళనీండి అత్తయ్యా. పిల్లలిద్దరూ ఒక్క కంచంలో తిని పెరుగుతారు" అంది. అలా పెరిగినవాళ్ళూ కొట్టుకోవచ్చని ఆ ఇద్దరాడవాళ్ళకీ తెలుసు.

మధ్యాహ్నం బార్లీ జావ వచ్చింది. తోరాకి ఇప్పుడు రెండు చేతులూ లేవు. హాల్వర్ చెంచా ఎత్తాడు. ఆమె నోరు తెరవలేదు.

"ముందు వాణ్ణి..." అంది.

హాల్వర్ అందరి ఎదుటా పసివాణ్ణి ఎత్తి మోకాలిమీద కూర్చోబెట్టుకున్నాడు. రేవులో మామగారి మనుషులు తెరచాపలెత్తుతున్న కేకలు వినబడుతున్నాయి. అతను అటు చూడకుండా చెంచా మళ్ళీ జావలో ముంచాడు.

"కాస్త వెన్న ఎక్కువెయ్యరా దొంగా" అంది తోరా, నోరు తెరుస్తూ.