మూడుసార్లు వెనక్కి వచ్చిన ఫారం

"ఇదిగో నా ఎడమ చెవి! బాగా చూసుకోండి!"

జుట్టు వెనక్కి లాగి పట్టుకుని కౌంటర్ ముందు నిలబడింది ఆమె. ఒళ్లు మండిపోతోంది మరి. ఆఫ్రికన్ స్టడీస్‌లో ఎం.ఏ. కోర్సులయ్యాయి, థీసిస్ అయింది. స్వాహిలీ మౌఖిక పరీక్ష ఒక్కటే మిగిలింది. ఈ వారంలో అది కాకపోతే డిగ్రీ ఏడాది వెనక్కి. ఆ పరీక్ష ఫారమేమో ఆరు నెలలుగా తిరిగొస్తూనే ఉంది. మొదట సిరా రంగు బాలేదట. తర్వాత సంతకం గీత దాటిందట. ఇప్పుడు ఫొటోలో చెవి లేదట!

డిగ్రీ సెక్షన్ గుమాస్తా ఆ చెవిని కాస్త ఎక్కువసేపే చూశాడు.

"బాగుంది... అదే, సరిపోతుందండీ. రేపు పదకొండింటికి పరీక్ష."

"నిన్నటిదాకా కుదరనిది ఇవాళెలా కుదిరింది?"

అతను ఠప్పున స్టాంపు కొట్టాడు.

మర్నాడు గొడుగు విప్పే తీరిక కూడా లేక వానలో తడుస్తూ పరిగెత్తుకొచ్చేసరికి, పరీక్ష గదిలో ఎదురు కుర్చీలో అతనే!

"మీరిక్కడేంటి? నా చెవి సంగతి ఇంకా తేలలేదా?"

స్వాహిలీ మేడమ్ నవ్వింది. "ఇద్దరు మాట్లాడుకుంటేనే ఈ పరీక్షమ్మా. ఒక్కరే ఉంటే ఫారం రద్దు. ఈసారి నువ్వొక్కదానివే. రెండోవాళ్లు ఆర్నెల్లు క్లాసుకి వచ్చుండాలి. అందుకే చేరిన ఇతనికి నిన్నటితో నిండాయి."

ఆమె తడిసిన సంచి బల్ల మీద పడేసింది.

"అంటే నన్ను కావాలనే తిప్పారా?"

"రద్దు కాకూడదని వెనక్కి పంపానండీ."

"నాకో మాట చెప్పడానికేం?"

"చెబితే వద్దనేవారు."

అదీ నిజమే. అందుకే ఇంకా మండింది.

పరీక్ష మొదలైంది. అతను స్వాహిలీలో టమాటాలు తాజావేనా అనడిగాడు. బస్సు ఎప్పుడొస్తుందన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, ఒక్క తప్పూ లేకుండా అడిగాడు, "మీ కోపం ఎప్పుడు తగ్గుతుంది?"

అంతే! సిరా నుంచి చెవి దాకా ఆర్నెల్ల కోపాన్నీ ఆమె అదే భాషలో గుక్కతిప్పుకోకుండా కక్కేసింది.

"డిస్టింక్షన్," అంది మేడమ్. అతన్ని చూసి, "మూడు ప్రశ్నలకు మించి మాట్లాడలేదు, నువ్వు ఫెయిలయ్యావు నాన్నా."

"అన్యాయం మేడమ్!" ఆమే గయ్యిమంది. "ఆఫీసు పని చేసుకుంటూ ఆర్నెల్లు చదివాడు!"

అన్నాక తన మాట తనకే వినిపించి, చెవులు ఎర్రబడ్డాయి. రెండూ.

బయట వరండాలో అతను మడతపెట్టిన కాగితం అందించాడు. స్వాహిలీలో ఒకే వాక్యం. పెళ్లి చేసుకుంటారా అని. నాలుగు పదాల్లో మూడు తప్పులు. కింద సంతకం.

ఆమె ఎర్ర పెన్ను తీసింది.

"సంతకం గీత దాటింది. వెనక్కి పంపుతున్నా."

అతని మొహం వాడిపోయింది.

"తప్పులు దిద్దుకుని రేపు మా ఇంటికి తీసుకురండి. నాన్నగారు చూస్తారు," అంది ఆమె, వానలోకి గొడుగు విప్పుతూ. "చెవులు రెండూ కనిపించేలా రండి!"