ఖైదీ పారిపోకూడదు

చేతిరాత నిపుణుడు కుర్చీలోనే చనిపోయి ఉన్నాడు. బల్ల మీద కాఫీ ఇంకా వెచ్చగానే ఉంది. సోమవారం పునర్విచారణలో కోర్టుకు ఇవ్వాల్సిన రిపోర్టు మాత్రం లేదు.

"విషం," అన్నాడు చీఫ్, శవం ఫోటోని మౌని ముందుకు తోస్తూ. ఆ ఏజెంటు అవసరానికి మించి నోరు విప్పడు. అందుకే డిపార్ట్‌మెంటులో అందరికీ అతను మౌని.

"నాలుగేళ్ళ కిందట, కోట మ్యాపులు శత్రువుకి అమ్మాడని ఒక కెప్టెన్‌కి యావజ్జీవం వేశారు. సాక్ష్యం ఒకే ఒక్క ఉత్తరం. అది దొంగ ఉత్తరమని ఈయన తేల్చాడు. రాసినవాడు ప్రతి తలకట్టు దగ్గరా కలం ఎత్తి మళ్ళీ ఆనిస్తాడట, అక్కడ చుక్క పడుతుందట. నిన్న నోటిమాటగా నాకు చెప్పాడు. ఇవాళ ఇది."

"పునర్విచారణ ఆగుతుందా?"

"ఆగదు. కానీ రేపు కెప్టెన్ జైలు నుంచి పారిపోతే? పారిపోయినవాడు దోషే. మ్యాపులు నిజంగా అమ్మినవాడు మన హెడ్‌క్వార్టర్స్‌లో కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు. వాణ్ణి ఆడిస్తున్న విదేశీ ముఠా కెప్టెన్‌ని తప్పించడానికి పడవ సిద్ధం చేసింది. ఆ ముఠాలో మన మనిషి ఒకావిడ ఉంది, ఆ పడవ ఆపడంలో నీకు సాయంగా డాక్టర్ వేషంలో వస్తుంది. కోడ్, 'సముద్రం ఎలా ఉంది?' జవాబు, 'ఉప్పు తగ్గింది.'"

మరునాడు పొద్దున మౌని మంగలి పెట్టెతో దీవి జైల్లో అడుగుపెట్టాడు. పెట్టె అడుగున ట్రాన్స్‌మీటర్. మంగలి అన్నాక మాట్లాడాలి కాబట్టి, బతుకులో మొదటిసారి వాన గురించీ వార్డెన్ బట్టతల గురించీ వాగాడు. కెప్టెన్ నవ్వలేదు. నాలుగేళ్ళుగా ఒంటరి కొట్లో మగ్గిన మనిషి. చెంప మీద కత్తి ఆనగానే కళ్ళు మూసుకున్నాడు.

సగం గడ్డం అయ్యేసరికి బయట వార్డర్ల మాటలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. తర్వాత హీల్స్ చప్పుడు. తెల్లకోటు, ఎర్రటి పెదవులు, చూసినవాళ్ళు చూపు తిప్పుకోలేని అందం.

"సముద్రం ఎలా ఉంది డాక్టరమ్మా?"

"ఉప్పు తగ్గింది."

మౌని పక్కకు జరిగాడు. ఆమె కెప్టెన్ చేతిలో ఒక ఉత్తరం పెట్టింది. "మత్తిచ్చాను, వార్డర్లు గంటసేపు లేవరు. కింద పడవలో మీ ఆవిడ ఉన్నారు. రేపు మళ్ళీ శిక్ష ఖాయం. లేవండి."

మౌనికి ఆ మాట రుచించలేదు. మన మనిషైతే పడవ ఆపాలి గానీ ఎక్కించడమేమిటి?

కెప్టెన్ ఉత్తరం విప్పాడు. చదివి, నెమ్మదిగా తలెత్తాడు. "'ప్రియమైన' అని రాసుంది. పెళ్ళయి పదేళ్ళు. మా ఆవిడ 'ఏవండీ' తప్ప ఇంకో మాట ఎరగదు. కోపమొస్తే అదీ ఉండదు. నేను రాను."

మౌని అతని భుజం మీదుగా చూశాడు. ప్రతి తలకట్టు దగ్గరా సన్నటి చుక్క. నిపుణుడు చెప్పిన అదే దొంగ చేతిరాత.

"రాకపోయినా ఫర్వాలేదు," అంది ఆమె, గొంతు మారకుండా. "పారిపోతూ చచ్చినవాడు కూడా దోషే." మందుల బ్యాగులోంచి పిస్టల్ బయటికొచ్చింది. ట్రిగ్గర్ మీద వేలు బిగుసుకుంది.

మౌని మగ్గులోని వేడినీళ్ళు ఆమె ముఖాన కొట్టాడు. గుండు కెప్టెన్ చెవి పక్కనుంచి దూసుకెళ్ళి గోడలో దిగింది. మరుక్షణం ఆమె మణికట్టు మౌని పిడికిట్లో, కత్తి ఆమె గొంతు మీద.

"నిన్ను కొన్నదెవరు?"

కత్తి కాస్త నొక్కుకుంది.

"మీ కల్నల్."

నాలుగేళ్ళ కిందట మొదటి ఉత్తరం కెప్టెన్ రాసిందేనని బోనెక్కి చెప్పిన హెడ్‌క్వార్టర్స్ కల్నల్. ట్రాన్స్‌మీటర్ అవతల చీఫ్ ఆ మాట విన్నాడు. అరగంటలో కల్నల్ ఇంటి ముందు జీపులు ఆగాయి.

మౌని ఉత్తరాన్ని జాగ్రత్తగా కవర్లో పెట్టాడు. నిపుణుణ్ణి చంపినవాళ్ళే, అతను చెప్పింది నిజమని రుజువు తెచ్చి చేతికిచ్చారు.

ఆమెను తీసుకెళ్ళాక కెప్టెన్ మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. నురగ ఎండిన చెంప తడుముకున్నాడు.

"ఈ రెండోవైపు కూడా కానివ్వండి," అన్నాడు చివరికి. "సగం గడ్డంతో కోర్టుకు వెళితే, సగం నేరం ఒప్పుకున్నాననుకుంటారు."