సున్నా ఊపిరి

చంద్రుడి మీది మూడో కాలనీలో ఆ ఉదయం జనమంతా పనులు మానుకుని శిశుశాల ముందు వరుస కట్టారు. నాలుగు రోజుల కిందట భూమి నుంచి దిగిన ఓడలో కొత్త వేరియంట్ కూడా వచ్చిందట. దాన్ని పసిగట్టే యంత్రం ఇవాళే మొదలు. గొట్టంలోకి ఒక్కసారి ఊదితే చాలు. వైరస్ లేకపోతే ఆకుపచ్చ దీపం. ఉంటే, టీకా వేసుకున్నవాళ్లకి పసుపు, లేనివాళ్లకి ఎరుపు.

యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ మెహరున్నీసా ఉత్సాహంగా విడమరిచింది. "వైరస్ అదే, చొక్కా మార్చుకొచ్చింది. టీకా పడ్డ ఒంటికి దాని నడక తెలుసు, జలుబుతో వదిలిస్తుంది. టీకా లేకపోతే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది."

విశాల ఎనిమిది నెలల పాపని ఇంకాస్త దగ్గరికి అదుముకుంది. పాపకి టీకా వయసు ఇంకా రాలేదు. రేపటి నుంచి తను డ్యూటీకి వెళ్లాలి, పాపని ఇక్కడే వదలాలి.

ఇరవై మంది ఊదారు. ఇరవైసార్లూ ఆకుపచ్చే. నిన్నటి నుంచి దగ్గుతున్న విశాల భర్త సోమేశానికీ అంతే. నాది ఉత్త దుమ్ము దగ్గని చెబితే విన్నావా అంటూ అతను నవ్వాడు. విశాలకి మనసొప్పలేదు. మంచి ఊపిరంటే ఏమిటో యంత్రానికి ఎలా తెలుసని అడిగింది. రోజూ పొద్దున్నే ఒకరు ఊదితే దాన్నే సున్నాగా పెట్టుకుంటుందని, అలా ఊదేది తానేనని డాక్టర్ చెప్పింది.

"మీరు టీకా వేసుకున్నారుగా. జబ్బు అంటినా మీకు తెలుస్తుందా, డాక్టరుగారూ?"

"తెలియదు. అయితే ఇవాళ జబ్బు ఊపిరే సున్నా అయిందేమో, వేరే ఊపిరి కావాలి" అంది డాక్టర్.

"నెలరోజులుగా మాకెవరికీ మొహం చూపించని మహారాణి ఉందిగా" అని వరుసలోంచి శిశుశాల ఆయా మంగతాయారు పాపని చూపిస్తూ దెప్పింది. "దాని ఊపిరి కంటే శుభ్రమైంది ఎక్కడ దొరుకుతుంది?"

డాక్టర్ నిజంగానే గొట్టాన్ని పాప నోటి దగ్గర పట్టి, ఆ ఊపిరితో సున్నా పెట్టింది. తర్వాత తాను ఊదింది. పసుపు. ఒక్క తుమ్మైనా రాలేదే, నా టీకా నన్నే ఏమార్చిందని పకపకా నవ్వింది. సోమేశానికి పసుపు. ఇరవై మందిలో పద్నాలుగు పసుపులు. మంగతాయారుకి ఆకుపచ్చ. కాలనీని కాపాడావమ్మా అని అందరూ విశాలని మెచ్చుకున్నారు.

ఎవరూ అడగకుండానే విశాల కూడా ఊదింది.

పసుపు.

"నీకేం కాదమ్మా, పాపకి ఇంకా అంటలేదు" అంది డాక్టర్ మెల్లగా. "ఐదు రోజులు దూరంగా ఉండు."

మంగతాయారు చేతులు చాపింది. విశాల ఊపిరి బిగబట్టి పాపని అందించింది.