పదివేల ఏళ్ల చక్రవర్తి

చైనా దేశంలో వెనకటికి ఒక రాజుకు రాజు అన్న మాట చాలలేదు. దేవతల పేర్లూ పురాణపురుషుల పేర్లూ కలిపి 'హువాంగ్‌డీ', అంటే చక్రవర్తి, అనే బిరుదు తయారుచేసుకుని తగిలించుకున్నాడు. ఆ తరువాత నాలుగు ఊళ్లు చేతికి చిక్కిన ప్రతివాడికీ అదే పిచ్చి.

కొండకోటలో ఉండే గావ్ బిన్ దొర అలాంటివాడే. రాళ్లు కొట్టే లూ షెంగ్‌కు గనిలో ఒక పలక దొరికింది. దానిమీద ఒక గుహకు దారి చెక్కి ఉంది. పూర్వం పదకొండు రోజులు చక్రవర్తిగా వెలిగి, శత్రువు రాగానే పరుగు లంకించుకున్న ఒక ఘనుడు పచ్చరాతి రాజముద్రతో దాక్కున్నది అక్కడేనట. ఆ ముద్ర ఎవరి చేతిలో ఉంటే వాడే చక్రవర్తి కనక, సంగతి తెలియగానే దొర షెంగ్‌ను దారి చూపమన్నాడు. అతను పారిపోకుండా భార్య చుయీని కోటలో బంధించి, తాళంచెవి తన నడుముకు కట్టుకున్నాడు. అది చూపితే తప్ప కావలివాళ్లు ఆమెను వదలరు.

ఆరుగురు సైనికులతో రెండు రోజులు వెదురు అడవిలో నడిచి, జలగలు పీక్కుంటూ గుహ చేరారు. బావిలాంటి సందులోంచి తాడు పట్టుకుని దిగాలి. చక్రవర్తి ఎదుట ఆయుధాలు కూడదంటూ దొర కత్తులన్నీ పైనే పెట్టించాడు. తానింకా చక్రవర్తి కాలేదన్న సందేహం ఆయనకు లేదు.

లోపల పీఠం మీద ఒక అస్థిపంజరం ముద్రను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. దాని ముందు మరో పద్దెనిమిది, నుదుళ్లు నేలకు ఆనించి. చక్రవర్తి లెమ్మనేదాకా లేవకూడదు. ఆ మహానుభావుడు లెమ్మనకుండానే చచ్చాడు. వీళ్లు అలాగే ఆకలికి మాడి పోయారు. షెంగ్‌కు జాలి కలగలేదు, ఒళ్లు మండింది.

దొర ఎముకలను కాలితో తోసి పీఠమెక్కాడు. వెనకున్న బండ వీపుకు గుచ్చుకుంటోందని దాన్ని పక్కకు లాగించాడు. దాని చెమ్మ చూసి, వెనక కొండనీరు ఉందని షెంగ్ చెప్పబోతే నోరు మూయించాడు. గుమ్మడికాయంత ముద్రను రెండు చేతులా పట్టుకుని తొమ్మిది దండాలు పెట్టమన్నాడు. సైనికులు "పదివేల ఏళ్లు!" అని జయం పలికారు.

మూడో దండానికి షెంగ్ ముఖం నీళ్లలో పడింది.

"దొరా, నీళ్లొచ్చేస్తున్నాయి. లెమ్మనండి" అన్నాడు.

అడగకుండా మాట్లాడినందుకు తల తీయిస్తానన్నాడు దొర. ఇంకా ఆరు దండాలు బాకీ ఉన్నాయట.

షెంగ్ లేచాడు. తిన్నగా పీఠం దగ్గరికి వెళ్లి దొర నడుముకున్న తాళంచెవి పట్టుకున్నాడు. ఆపాలంటే దొర ముద్ర వదలాలి. వదల్లేదు, చంపండని కేకలేశాడు. చంపడానికి కత్తులు పైన ఉన్నాయి. షెంగ్ తాళంచెవి తెంపుకుని ఆయన వైపు వీపు పెట్టి నిలబడ్డాడు.

"లేవండయ్యా, ఈ ఎముకల పక్కన చోటు చూసుకుంటారా?" అన్నాడు సైనికులతో. ఒకడు లేచాడు. ఆ తరువాత అందరూ లేచి తాడు వైపు పరుగెత్తారు.

నీళ్లు ఛాతీ దాకా వచ్చాక దొర తాడు కిందికి చేరాడు, ముద్రను కౌగిలించుకుని. అది వదిలి తాడు పట్టుకోమని షెంగ్ పైనుంచి బతిమాలాడు. అంతా కలిసి లాగడానికి సిద్ధంగా నిలబడ్డారు. దొర తాడు వైపు చూశాడు, ముద్ర వైపు చూశాడు, ముద్రనే ఇంకా గట్టిగా హత్తుకున్నాడు. నీళ్లు తల మీదుగా పోయేదాకా ఆయన చక్రవర్తిగానే ఉన్నాడు.

మూడోరోజు షెంగ్ కావలివాళ్లకు తాళంచెవి చూపి కోట తలుపు తీశాడు. చుయీ బయటికి వచ్చి, అతన్ని తడిమి చూసుకుని, దొర చక్రవర్తి అయ్యాడా అని అడిగింది.

"అయ్యాడు. పదివేల ఏళ్లు ఏలమని దీవించారు కూడా."

"మరి ఎన్నాళ్లు ఏలాడు?"

షెంగ్ తాళంచెవిని కందకంలోకి విసిరేశాడు.

"అన్నం ఉడికేంత సేపు."