ఆదివారాల చదువు

పురుగులన్నీ పోయాయి! నాలుగోసారి పొర విడిచే జ్వరం దాటి, రెండు మూడు రోజుల్లో గూళ్ళు కట్టవలసిన పట్టుపురుగులు తెల్లవారేసరికి తట్టల్లో పచ్చనీళ్ళు కక్కి ముడుచుకుపోయాయి. పూలమ్మ ఒక్కొక్క తట్టా దించి చూస్తూ అక్కడే కూలబడిపోయింది. ఆ ఇంటి బతుకంతా ఆ తట్టల్లోనే ఉంది...!

"నిన్న మదనపల్లెకు పొయ్యొచ్చి, తలలో మల్లెపూలతోనే పురుగుల కాడికి పొయ్యుంటావు!" భర్త చెంగయ్య అరుపు వీధి చివరిదాకా వినబడింది. "ఆ వాసనకు పురుగు బతకదని పసిబిడ్డకు గూడా తెలుసే! ముప్పై ఏండ్లొచ్చినంక నీకు సదువు యాల? కలెక్టరు కుర్చీ ఖాళీగా ఉండాదా?"

"దేవుని తోడు... పూలు తియ్యకుండా, నీళ్ళు పోసుకోకుండా నేను గడప తొక్కలా!"

"ఆ సదువు దరఖాస్తు పొయ్యిలో పెట్టు. అంతవరకు నాతో మాట్లాడొద్దు!"

ఆ చదువు పూలమ్మ ఒక్కరోజులో ఎంచుకున్నది కాదు. బేరం తెలిసినవాళ్ళు నాలుగు అంగళ్ళు తిరిగినట్టు అన్నీ విచారించింది. పుంగనూరులో టైపు నేర్పుతారు, కానీ సాయంత్రంపూట, సరిగ్గా పురుగులకు మేత వేసే వేళకు. కుట్టుపని నేర్చుకోవాలంటే కుప్పంలో ఆడబిడ్డ ఇంట్లో ఉండిపోవాలి. ఓపెన్ యూనివర్సిటీ అయితే పుస్తకాలు ఇంటికే వస్తాయి, మదనపల్లెలో ఆదివారాలు మాత్రమే తరగతులు. తనలా ఎనిమిదో తరగతితో చదువు ఆగినవాళ్ళనూ ప్రవేశపరీక్ష రాయనిస్తారు. డిగ్రీ ఉంటే వానమీదా పురుగుమీదా ఆధారపడని జీతం ఒకటి ఇంట్లోకి వస్తుంది...

"ఆదివారాలు పురుగుల్ని నేను సూసుకుంటా, పో అమ్మీ" అని మొదట అన్నది అత్త సిద్ధమ్మే. ఆ మాట లేకపోతే ఏ బేరమూ కుదిరేది కాదు. నిన్న పూలమ్మ దరఖాస్తు తెచ్చుకుంది. రేపటితో గడువు.

చచ్చిన పురుగుల్ని పూడ్చడానికి మల్బరీ తోటకు వెళ్ళినప్పుడు ఆమె కంటబడింది... తమ టమాటా చేను గట్టును ఆనుకున్న వరుసలో ఆకు కొత్తగా కోసి ఉంది! పక్క చేనుకు మందు కొడితే ఆ వరుస ఆకు ముట్టరు. మందు వాసన టమాటా మొక్కలమీద ఇంకా ఉంది. చెంగయ్యే కొట్టి ఉంటాడు. నిన్న ఆకు కోసి మేత వేసింది సిద్ధమ్మ ఒక్కతే!

నోరు విప్పితే పూలమ్మ గెలుస్తుంది. కానీ ఆ ముసలి ప్రాణం కొడుకు ముందు దోషిగా నిలబడాలి. అలాంటి లాభం ఆమెకు వద్దనిపించింది. ఇంటికొచ్చి, దరఖాస్తు తీసుకుని పొయ్యి దగ్గరికి నడిచింది...

"ఆగమ్మీ!" సిద్ధమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. "రేయ్ చెంగా! గట్టు పక్క ఆకు కోసింది నేనురా! పిల్ల అలిసిపొయ్యొస్తాది, మళ్ళా తోటకు యాల పోవల్లని దగ్గరగా ఉండేది కోసినా... టమాటాకు మందు కొట్టినావని నాకెవురు సెప్పినార్రా?"

మందు కొట్టిన సంగతి చెంగయ్య ఇంట్లో ఎవరికీ చెప్పి ఉండలేదు. తప్పులో సగం తనదని తెలిసీ ఒప్పుకోలేదు. భార్యను క్షమించమని అడగలేదు. తల్లితో మాట మానేసి, ఆమె వడ్డించిన సంగటి ముట్టకుండా లేచిపోయాడు. మరునాడు పొద్దున్నే సిద్ధమ్మ రెండు చీరలు మూటగట్టుకుని కుప్పంలోని కూతురింటికి బయలుదేరింది.

పుంగనూరు బస్టాండులో కుప్పం బస్సు, మదనపల్లె బస్సు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. ఆరోజుతో గడువు తీరే దరఖాస్తు పూలమ్మ సంచిలో ఉంది.

"ఇంటికి పోదాం రా అత్తా! సదువు లేకపోతే నేనేం సచ్చిపోను!"

"పిచ్చిదానా! నువ్వు ఆ కాయితం ఇయ్యకపోతే నేను నోరిప్పి ఏం లాభం? కొడుకు మాట పోగొట్టుకోని ఊరికే పోతానా? పో, ఎక్కు!"

"ఆదివారాలు ఎట్లత్తా...?"

"శనివారం వచ్చేస్తాలే. వాడు మాట్లాడకపోతే పోనీ. పురుగులేమన్నా నాతో అలుగుతాయా?"

బోసినోటితో నవ్వింది సిద్ధమ్మ. పూలమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. మోకాళ్ళు వంగక ఆ ముసలమ్మను కండక్టరు రెక్క పట్టి పైకి లాగాడు. అంత దూరం నుంచి వారంవారం రావడం ఆమెవల్ల కాదని, వచ్చినా కొడుకు లోపలికి రమ్మనడని ఇద్దరికీ తెలుసు...

"శనివారం నేనే వచ్చి దించుకుంటా అత్తా!" కిటికీలోంచి ఆ చెయ్యి పట్టుకుని అంది పూలమ్మ.

"ఊఁ" అంది సిద్ధమ్మ.

కుప్పం బస్సు వెళ్ళిపోయింది. "మదనపల్లె... మదనపల్లె..." ఎవరో కేక వేస్తున్నారు. పూలమ్మ కళ్ళు తుడుచుకోకుండానే బస్సెక్కింది.